గ్రూపు వర్క్‌లో ఒక్కరే రాస్తున్నారు, మిగతావాళ్లతో ఎలా చేయించాలి?

ప్రశ్న (గుంటూరు నుంచి):
నమస్తే అండి. హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఎనిమిదో తరగతిలో 48 మంది. ఆరుగురు చొప్పున కూర్చోబెట్టి కృష్ణా డెల్టా మీద చార్టు చేయమంటే, ప్రతి గ్రూపులో బాగా చదివే పిల్ల ఒక్కతే రాస్తోంది. మిగతావాళ్లు కబుర్లే. గోలకి పక్క క్లాసు సార్ వచ్చి చూసి వెళ్లారు. మామూలుగా పాఠం చెప్పేయడమే మేలంటారా?

జవాబు (విజయవాడ నుంచి):
మానెయ్యకండి మేడమ్. చార్టు అనేది ఒక్కరు కూర్చున్నా అయిపోయే పని, అందుకే చురుకైన పిల్ల చేతిలోకి పోతుంది. నలుగురూ నోరు విప్పితేనే తెమిలే పని ఇవ్వండి.

దీనికి జిగ్‌సా పద్ధతి బాగా పనికొస్తుంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఇలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టారు. అంతవరకు విడివిడి బడుల్లో చదివిన తెల్ల, నల్ల పిల్లలు ఒకే క్లాసులోకి వచ్చి గొడవలు పడుతున్న రోజులవి. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చారు. పక్కవాడు చెప్తే తప్ప మిగతా పాఠం తెలియదు, కాబట్టి వినక తప్పదు.

మీ పాఠమే తీసుకోండి. 1852-55లో విజయవాడ దగ్గర కృష్ణ మీద కట్టిన ఆనకట్ట ఒక ముక్క. 1952లో అది తెగడం, 1957లో ప్రకాశం బ్యారేజీ రావడం రెండోది. బందరు, ఏలూరు, రైవస్, కొమ్మమూరు కాలువలు మూడోది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్ మునగడం నాలుగోది. దీని గురించి పిల్లలకే మీకన్నా ఎక్కువ కబుర్లు తెలిసి ఉంటాయి, చెప్పనివ్వండి.

నలుగురేసి పన్నెండు గ్రూపులు. ముందు ఒకే ముక్క వచ్చినవాళ్లు కలిసి చదువుకోవాలి. ఆ పన్నెండుమందినీ ఒకచోట పెడితే మళ్లీ పాత కథే, అక్కడా నలుగురేసి విడదీయండి. తర్వాత సొంత గ్రూపుకి వెళ్లి, కాగితం చూడకుండా తలా అయిదు నిమిషాలు చెప్పాలి. చివర్లో చిన్న పరీక్ష, ఎవరిది వాళ్లే రాయాలి. ఇది మాత్రం వదలకండి, వినడానికి కారణమే అది. రెండు పీరియడ్లు పడుతుంది.

బల్లలు జరపొద్దు. ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగితే చాలు, సగం గోల అక్కడే తగ్గుతుంది.

ప్రశ్న:
థాంక్సండి. సరిగ్గా చదవడం రాని పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల ముక్క చెడితే గ్రూపంతా తిడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అందుకేనండి ముందు కలిసి చదువుకోవడం. అక్కడే విని, ఒకసారి చెప్పి చూసుకుని వస్తారు. వాళ్లకి కాలువల ముక్క ఇవ్వండి, మ్యాపు మీద వేలు పెట్టి చూపిస్తూ చెప్పొచ్చు. ముందు రోజే ఆ కాగితం ఇచ్చి మీరు ఒకసారి చదివి వినిపిస్తే ఇంకా మంచిది. ఎవరైనా రాకపోతే ఆ ముక్క తెలిసిన పిల్లని పక్క గ్రూపు నుంచి పిలిచి చెప్పించండి.