చర్మం మీద రాసిన మందు ఎంత లోపలికి వెళ్తుంది?

శారద_క (ప్రశ్న)

మా నాన్నగారికి గుండెనొప్పి ఉంది. ఛాతీ మీద అంటించుకునే నైట్రోగ్లిజరిన్ ప్యాచ్ రాశారు. పొద్దున అంటించి రాత్రి పడుకునే ముందు తీసేయాలట. మోకాళ్లకు డైక్లోఫినాక్ జెల్ కూడా వాడతారు. అదైతే చేతికొచ్చినంత రాసేసుకుంటారు. ఎక్కువవుతోందంటే "పైపూతే కదమ్మా, లోపలికి పోతుందా ఏమన్నానా" అని కొట్టిపారేస్తారు. మా అక్కది దీనికి పూర్తిగా వ్యతిరేకం. చర్మానికి తగిలిందల్లా నిమిషంలో రక్తంలో కలుస్తుందని ఫోనులో ఏదో చదివి, ఇంట్లో సబ్బుతో సహా అన్నీ మార్చేసింది. వాళ్లిద్దరి వాదన వినలేక ఇక్కడ అడుగుతున్నాను.

చర్మం ఆపుతుందా, పంపుతుందా? ప్యాచ్‌ను గుండె మీదే అంటించాలా? కాలేయం మందుల్ని విడగొడుతుందని చదువుకున్నాం. చర్మంలో అలాంటిదేమైనా జరుగుతుందా?

మందుల_కౌంటరు

ప్యాచ్ గురించి చెప్తాను. గుండె మీదే అక్కర్లేదు. ఛాతీ మీద ఎక్కడైనా, భుజం కింద చేతి పైభాగంలోనైనా సరే. వెంట్రుకలు ఎక్కువ లేని, గాయం లేని, పొడిగా ఉన్న చోటు చూసుకోండి. రోజూ చోటు మార్చండి. రాత్రి తీసేయమన్నది ఊరికే కాదు. నైట్రోగ్లిజరిన్ రోజంతా విరామం లేకుండా అందితే శరీరం అలవాటు పడి మందు పనిచేయడం తగ్గిపోతుంది. తీసిన ప్యాచ్‌లో ఇంకా మందు మిగిలే ఉంటుంది కాబట్టి జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లలకు అందకుండా పారేయండి.

ఇంకొక మాట. గుండె జబ్బు ఉన్నవారు డైక్లోఫినాక్ వాడుతున్న సంగతి గుండె డాక్టరుకు తెలియాలి, జెల్ అయినా సరే. చెప్పారా?

పాత_ల్యాబు_మనిషి

శారద గారూ, పదవీ విరమణ దాకా నా పనంతా చర్మపు ముక్కల మీదే. ఆపరేషన్లలో తీసిన చర్మాన్ని రోగుల అనుమతితో తెచ్చి, పలుచగా కోసి, రెండు గాజు గదుల మధ్య బిగించేవాళ్లం. ఆ పరికరాన్ని ఫ్రాంజ్ సెల్ అంటారు. పైగదిలో మందు, కిందిగదిలో ద్రవం. చర్మం పైభాగం 32 డిగ్రీల దగ్గర ఉండేలా చూసుకుంటూ, గంట గంటకూ కింది ద్రవం నుంచి నమూనా తీసి కొలిచేవాళ్లం. చాలా మందులకు మొదటి గంటల్లో కింద చెప్పుకోదగ్గది ఏమీ కనిపించేది కాదు. అందుకే మీ అక్కగారి "నిమిషం" వింటే నవ్వొస్తుంది. మీ నాన్నగారి "పైపూతే కదా" వింటే మాత్రం నవ్వు రాదు.

అడ్డుకునేది చర్మమంతా కాదు. స్ట్రాటమ్ కార్నియం అనే పైపొర ఒక్కటే. చాలా చోట్ల దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే కాగితం కన్నా పలుచన. చచ్చిపోయిన చదును కణాలు, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు అనే కొవ్వు పదార్థాలు. పాఠ్యపుస్తకాలు దీన్ని ఇటుకల గోడతో పోలుస్తాయి. పోలిక మంచిదే కానీ, చాలా మందులు దాటేది ఇటుకల్లోంచి కాదు, వాటి మధ్యనున్న సున్నంలోంచి. ఆ కొవ్వులో కొంత కరగాలి, కిందున్న తడి పొరల్లోనూ కొంత కరగాలి. పైగా అణువు చిన్నదై ఉండాలి. అణువు బరువును కొలిచే డాల్టన్లలో 500 దాటితే కష్టమని స్థూలమైన లెక్క. నికోటిన్ 162, నైట్రోగ్లిజరిన్ 227, తీవ్రమైన నొప్పికి వాడే ఫెంటనిల్ 336. ఇవన్నీ ప్యాచ్‌లుగా వచ్చినవే. ఇన్సులిన్ సుమారు 5,800, దాన్ని ఊరికే పూస్తే లాభం లేదు. కొల్లాజెన్ దాదాపు 3 లక్షలు. కొల్లాజెన్ క్రీము పూస్తే చర్మంలో కొల్లాజెన్ పెరుగుతుందని నమ్మేవాళ్లకు ఈ అంకె ఒక్కటి చూపిస్తే చాలు.

ఎక్కడ రాస్తున్నామన్నదీ ముఖ్యమే. ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు 1967లో హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందుతో కొలిచారు. ముంజేతిలోంచి వెళ్లేదాన్ని 1 అనుకుంటే అరికాలు 0.14, నెత్తి 3.5, నుదురు 6, దవడ మూల 13, వృషణాల తిత్తి 42. ఒకే మందు, ఒకే మనిషి, మూడు వందల రెట్ల తేడా! పసిపిల్లల విషయం మరీ జాగ్రత్త. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం వైశాల్యం ఎక్కువ, డైపరు కింద తడీ వేడీ ఎక్కువ.

ఇక జెల్. 1 శాతం డైక్లోఫినాక్ జెల్‌ను ఒక మోకాలికి రోజుకు 16 గ్రాములు రాస్తే రక్తానికి చేరేది మాత్రలతో చేరేదానిలో 6 శాతం దగ్గర. అదే జెల్‌ను రెండు మోకాళ్లకూ రెండు చేతులకూ కలిపి 48 గ్రాములు రాస్తే 20 శాతం దగ్గర. చేతికొచ్చినంత రాసుకునే మనిషికి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

మీ మూడో ప్రశ్న నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పైపొర కింద బతికున్న కణాల్లో ఎంజైములుంటాయి. కాలేయంతో పోలిస్తే వాటి బలం చాలా తక్కువ. అయినా కొన్ని పనులు చక్కగా చేస్తాయి. మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ చర్మంలోనే బెంజోయిక్ ఆమ్లంగా మారిపోతుంది. సోరియాసిస్‌కు వాడే టాజరోటిన్ అసలు పని మొదలుపెట్టేదే చర్మంలోని ఎస్టరేజ్ అనే ఎంజైములు దాన్ని టాజరోటినిక్ ఆమ్లంగా మార్చాక. నొప్పి బామ్‌లలోని మిథైల్ శాలిసిలేట్ కూడా దారిలోనే విడిపోయి శాలిసిలిక్ ఆమ్లమవుతుంది. హెయిర్ డైలలోని పారా ఫినిలిన్ డయమీన్‌కు చర్మం ఎసిటైల్ అనే చిన్న అణు సమూహాన్ని తగిలించి దాని కోర చాలావరకు పీకేస్తుంది.

అన్నిసార్లూ మంచే జరగదు. చిమ్నీలు తుడిచేవాళ్లకు వృషణాల తిత్తి మీద వచ్చే క్యాన్సర్‌కు మసి కారణమని పెర్సివల్ పాట్ 1775లోనే రాశాడు. మసిలోనూ తారులోనూ ఉండే బెంజోపైరీన్ దానంతటది డీఎన్ఏను పట్టుకోదు. బయటికి పంపే ప్రయత్నంలో చర్మపు ఎంజైములే దాన్ని డీఎన్ఏకు అతుక్కునే రూపంలోకి మారుస్తాయి.

ల్యాబులో దీనివల్ల మాకో ఇబ్బంది ఉండేది. గడ్డకట్టించి దాచిన చర్మం అడ్డుకోవడంలో బాగానే ఉంటుంది కానీ, ఎంజైముల పని చాలావరకు పోతుంది. కాబట్టి "ఎంత దాటింది" అన్నదానికి ఫ్రీజరు చర్మం సరిపోయేది. "దాటేటప్పుడు ఏమైంది" అన్నదానికి తాజా చర్మం కావాలి, అదెప్పుడు దొరుకుతుందో చెప్పలేం. ఫోను మోగితే రాత్రయినా పరుగే. మా ఇంట్లో దాని మీద జరిగిన గొడవలు వేరే కథ.

నైట్రోగ్లిజరిన్ సంగతికొస్తే, మింగితే పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళ్లి అక్కడే చాలావరకు విరిగిపోతుంది. చర్మం కిందున్న సన్నని రక్తనాళాల్లోకి చేరితే కాలేయాన్ని ముందుగా కలవకుండానే ఒంట్లో తిరుగుతుంది. గుండె మీదే అంటించనక్కర్లేదన్నది అందుకే.

రంగుల_షెడ్డు

నేను రంగులు వేసే పనిలో ఉన్నాను. చేతికంటిన రంగును అందరం థిన్నరుతోనే కడుక్కుంటాం. ఆ తర్వాత సబ్బు. ఇందులో తప్పుందా?

పాత_ల్యాబు_మనిషి

ఉందండీ. నేను పైన సున్నమన్న ఆ కొవ్వును థిన్నరు కరిగించి లాగేస్తుంది. థిన్నరు కొంత లోపలికి పోవడం ఒక సంగతి, ఆ తర్వాత ముట్టుకున్నవాటికి దారి తేలిక కావడం మరో సంగతి. రంగు ఆరకముందే సబ్బూ నీళ్లతో కడగండి, ఆరిపోతే వంటనూనె రుద్ది తుడిచి తర్వాత సబ్బు పెట్టండి. గ్లోవ్స్ వేసుకుంటే మీరు వాడే ద్రావకానికి తగ్గవే వేసుకోండి. 1996లో కారెన్ వెటర్‌హాన్ అనే రసాయన శాస్త్రవేత్త లాటెక్స్ గ్లోవ్స్ మీద డైమిథైల్ మెర్క్యురీ అనే విషపూరితమైన పాదరసపు ద్రవం చుక్కలు పడ్డాయి. ఆ ద్రవం గ్లోవ్స్‌లోంచి, చర్మంలోంచి దాటిపోయింది. మరుసటి ఏడు ఆమె చనిపోయారు. మీ థిన్నరు అంత భయంకరమని కాదు, ఏ గ్లోవ్ అయినా అన్నిటినీ ఆపదు.

శారద_క

చాలా థాంక్స్. గుండె డాక్టరుకు జెల్ సంగతి చెప్పలేదు, రేపు ఫోను చేస్తాను. 6 శాతం, 20 శాతం లెక్క నాన్నగారికి చదివి వినిపించాను. "అయితే తగ్గిస్తాలే, కానీ జెల్ రాశాక వేడినీళ్ల సంచి పెట్టుకుంటే ఎక్కువ హాయిగా ఉంటుంది, అది మానను" అంటున్నారు.

మందుల_కౌంటరు

అది మానాల్సిందే. జెల్ రాసిన చోట వేడి పెట్టకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. రెండూ లోపలికి వెళ్లే మోతాదును పెంచేవే. కాపడం పెట్టుకోవాలంటే జెల్ రాయని పూట పెట్టుకోమనండి. ఆ సంచి ఛాతీ మీది ప్యాచ్ దరిదాపులకు మాత్రం ఏ పూటా రాకూడదు.