చెన్నై నుంచి తిరుమలకు దంపతులుగా కాలినడక: దారి గురించి, మొక్కు గురించి సందేహం

ప్రశ్న (పెరంబూరు)

అందరికీ నమస్కారం. అమ్మాయి పెళ్ళి కుదిరితే ఇంటి గుమ్మం నుంచే నడిచి కొండకు వస్తానని మా ఆవిడ మొక్కుకున్నది. పెళ్ళి నిరుడే జరిగింది, మొక్కు మాత్రం మిగిలిపోయింది. పెరటాసిలో (సెప్టెంబరు-అక్టోబరులో వచ్చే తమిళ నెల) చెన్నై నుంచి తిరుమలకు ఊరేగింపుగా వెళ్ళే శ్రీవారి గొడుగులు ఇక్కడి యానైకవుని ప్రాంతం దాటిన మర్నాడు బయలుదేరాలని ఆమె కోరిక. ఇద్దరమూ యాభై దాటినవాళ్ళమే. ఆమె నాకంటే చురుకుగా నడుస్తుంది. నాకేమో మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది. తిరుత్తణి, నగరి మీదుగా వెళ్ళడం మేలా, లేక ఊత్తుకోట, నాగలాపురం మీదుగానా? అంతకంటే పెద్ద సందేహం మరొకటి ఉన్నది. దారిలో నేను ఆగిపోవలసి వస్తే ఆమె ఒక్కతే కొనసాగాలా, ఇద్దరమూ బస్సెక్కాలా? బస్సెక్కితే మొక్కు తీరినట్టేనా?

జవాబు (విల్లివాక్కం)

నమస్కారమండీ. రెండు దారులూ పుత్తూరు దగ్గర ఇంచుమించు కలుస్తాయి, మొత్తం నడక ఎటు చూసినా నూట ముప్పై, నూట నలభై కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దంపతులుగా వెళ్ళేవారికి నేనైతే ఊత్తుకోట దారే చెబుతాను. ఊత్తుకోట దాటగానే వచ్చే సురుటుపల్లిలో హాలాహలం మింగిన శివుడు పార్వతీదేవి ఒడిలో తలపెట్టి శయనించి ఉంటాడు. శివుణ్ణి శయనమూర్తిగా చూడగలిగే చోట్లు చాలా అరుదు. తరువాత నాగలాపురం, శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరిట వెలయించిన ఊరు. అక్కడి వేదనారాయణస్వామి మత్స్యావతారమూర్తి. ఆ పైన నారాయణవనం. శ్రీనివాసుడికీ పద్మావతికీ కల్యాణం జరిగింది అక్కడేనని స్థలపురాణం చెబుతుంది కాబట్టి, కూతురి పెళ్ళి మొక్కు తీర్చుకోబోయేవారు ఆ గుడిని దాటవేసి వెళ్ళడం నాకు నచ్చదు.

పెరటాసి మాత్రం వద్దు. పగటి ఉక్కకు తోడు సాయంత్రం వానలు పట్టుకుంటాయి, ఆ వెంటనే ఈశాన్య రుతుపవనం వస్తుంది. తై నెలలో (జనవరి-ఫిబ్రవరి) తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ఆగిపోతే హాయిగా సాగుతుంది.

జవాబు (అంబత్తూరు)

పై మాటలతో ఏకీభవిస్తున్నాను, కాని ఆడవారి ఇబ్బంది ఎవరూ ప్రస్తావించలేదు. హైవే మీద మరుగుదొడ్డికి పెట్రోలు బంకులే దిక్కు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే చూసుకోకపోతే, నీళ్ళు తాగితే మళ్ళీ అవస్థ అని అమ్మగారు దాహాన్ని అణచుకుంటారు; ఆ వేడిలో అది ప్రమాదం. ఉప్పు వేసిన మజ్జిగ సీసా దగ్గర ఉంచుకోండి. ఎదురుగా వచ్చే లారీలు కనబడేలా రోడ్డుకు కుడి అంచున, ఒకరి వెనుక ఒకరుగా నడవండి. మీరు ముందుండి ఆవిడ వెనుక ఉంటే మీ నడకే ఇద్దరి నడక అవుతుంది.

చెప్పుల్లేకుండా నడవాలని చాలామంది పట్టుబడతారు. తారు రోడ్డు మీద అరికాళ్ళు బొబ్బలెక్కితే మర్నాటి నడక పోయినట్టే. కొండ మెట్ల దారిలోని మోకాళ్ళ పర్వతం దగ్గర పాదరక్షలు విడవమని అమ్మవారు బాలుడైన అన్నమయ్యకు చెప్పిందని కథ ఉన్నది కదా! అలిపిరి వరకూ బూట్లు వేసుకుని, పాదాల మండపం దగ్గర విడిస్తే చాలునని నా అభిప్రాయం.

జవాబు (విల్లివాక్కం)

కొండ గురించి చెప్పడం మరిచాను. శ్రీవారి మెట్టు దారి పొట్టిదే కాని నిట్టనిలువుగా ఉంటుంది. అలిపిరి దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు; గాలిగోపురం దాటాక చాలా దూరం నడక తేలికవుతుంది. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఒక పాపను బలిగొన్న తరువాత రాత్రి నడకకు ఆంక్షలు పెట్టారు, కనుక ఉదయమే మొదలుపెట్టండి. సామాను కింద అప్పగిస్తే దేవస్థానం వారే పైకి చేరుస్తారు. దిగేటప్పుడు మాత్రం బస్సే. మీ మోకాలికి అసలు పరీక్ష దిగుడులోనే.

ఇక మొక్కు సంగతి. మొక్కుకున్నది ఆవిడ, తోడు వస్తానన్నది మీరు. మీరు ఆగితే ఆవిడను ఒంటరిగా లారీల రోడ్డు మీద పంపడం నాకు సబబుగా తోచదు. ఆగిన చోటును గుర్తుపెట్టుకుని ఇంటికి రండి, కాలు నెమ్మదించాక బస్సులో అక్కడికే వెళ్ళి మిగిలిన దూరం నడవండి. ఒక్క విడతలోనే నడుస్తానని ఆవిడ మొక్కుకోలేదు కదా?

ప్రశ్న అడిగినవారు

ఇవన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. తై నెలకు ఒప్పుకున్నది, విడతలకూ ఒప్పుకున్నది. బూట్లకు ఇంకా ఒప్పుకోలేదు. నారాయణవనంలో రాత్రి బసకు దంపతులకు విడిగా గది దొరికే సత్రం ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి.