పాత స్మార్ట్ ట్రైనర్ స్థానంలో ఏది కొనాలి? (శ్రీకాకుళం)

నాగావళి గట్టు, శ్రీకాకుళం

సభ్యులందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇంట్లో వాడుతున్న నా డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్ (సైకిలు వెనుక చక్రం తీసి దీనికి బిగించి, ఉన్నచోటే తొక్కే పరికరం) గత నెల నుంచి సరిగా పనిచేయడం లేదు. దాని స్థానంలో కొత్తది కొనాలనుకుంటున్నాను. నా జీతానికి ఇది చిన్న ఖర్చు కాదు కనుక, తొందరపడి కొని తరువాత బాధపడేకంటే ముందే మీ అనుభవం అడిగి తెలుసుకోవడం మేలనిపించింది.

నిరుడు 200 కి.మీ. బీఆర్‌ఎం (గడువులోపు ముగించవలసిన దూరపు సైకిలు యాత్ర) పదమూడున్నర గంటల గడువుకు నలభై నిమిషాల ముందు ముగించాను. ఈ శీతాకాలంలో 300 కి.మీ. పూర్తి చేయాలని గట్టి కోరిక; దానికి గడువు 20 గంటలు. ఉదయం ఆరున్నరకే ఉద్యోగానికి బయలుదేరాలి కాబట్టి, వారంలో నాలుగు రోజులు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఇంట్లోనే గంటసేపు తొక్కుతాను. ఆ చీకట్లో జాతీయ రహదారి మీద లారీల పక్కన తొక్కడం ఇంట్లోవాళ్లకు ఇష్టం లేదు, నాకూ ధైర్యం చాలదు. ఆదివారాలు మాత్రం కళింగపట్నం దాకా వెళ్లి సముద్రం చూసి వస్తాను.

ఇక ట్రైనర్ సంగతి. గట్టిగా తొక్కగానే లోపల ఏదో జారినట్టు పెడలు ఒక్కసారిగా తేలికవుతుంది. నిదానంగా తొక్కినా గరగరమని మోత వస్తోంది. నేను అద్దెకు ఉంటున్నది మొదటి అంతస్తు. కింద ఇంటివారు పెద్దవాళ్లు. వాళ్లు ఇంతవరకు ఒక్క మాట అనలేదు గాని, నాలుగున్నరకు ఆ చప్పుడు చేయడానికి నాకే మనసొప్పడం లేదు.

నేను చూసినవాటిలో వాహూ కికర్ పెద్ద మోడల్ ఒకటి. శక్తి కొలతలో తేడా 1 శాతంలోపు, తట్టుకునేది గరిష్ఠంగా 2200 వాట్లు, 20 శాతం ఎక్కుడు దాకా రోడ్డు మీద ఉన్నట్టే అనిపిస్తుంది. రెండవది అదే కంపెనీవారి కికర్ కోర్: 2 శాతం, 1800 వాట్లు, 16 శాతం. మూడవది టాక్స్ నియో 2టి. ఎలాగూ కొంటున్నప్పుడు అన్నింటికంటే పెద్దదే కొంటే మళ్లీ పదేళ్లదాకా చూసుకోనక్కరలేదని ఒక ఆలోచన. విశాఖలో ఒకరు తాను వాడిన ట్రైనర్‌ను సగం ధరకు ఇస్తామంటున్నారు. నా సైకిలుకు 8 గేర్ల క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల వరుస) ఉంది. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి కూడా సెలవుల్లో తొక్కుతానంటున్నాడు. వాడిది 7 గేర్ల సైకిలు. దయచేసి సలహా ఇవ్వగలరు.

పెద్దచెరువు, విజయనగరం

నమస్కారమండీ. మీరు రాసిన మూడింటిలో రెండింటిని నేను స్వయంగా తొక్కి చూశాను, ఒకటి సొంతంగా మూడేళ్లుగా వాడుతున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మీకు పెద్ద మోడల్ అక్కరలేదు.

కాగితం మీద ఉన్న అంకెలను మీ కాళ్లకు అన్వయించి చూడండి. బీఆర్‌ఎం తొక్కే మనలాంటివాళ్లం గంటల తరబడి నిలబెట్టుకునేది 130, 150 వాట్లు. 150 వాట్ల దగ్గర 1 శాతం తేడా అంటే ఒకటిన్నర వాట్లు, 2 శాతం తేడా అంటే 3 వాట్లు. రాత్రి సరిగా నిద్ర పట్టకపోతే మరుసటి ఉదయం మీ కాళ్లలో వచ్చే తేడా దీనికంటే చాలా ఎక్కువ ఉంటుంది. సాధనకు కావలసినది, నిన్న 150 అని చూపించిన శ్రమను నేడు కూడా 150 అనే చూపించడం. ఆ నిలకడ కోర్‌లోనూ ఉంది. 2200 వాట్లు వెలోడ్రోమ్‌లో (సైకిలు పందేల ట్రాకులో) స్ప్రింట్ చేసేవారి సంగతి, అది కూడా కొన్ని క్షణాలే.

ఎక్కుడు విషయం కూడా అంతే. మనకు దగ్గరలో ఉన్న పెద్ద ఎక్కుడు శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్ రోడ్డు. బస్సులు, బరువు లారీలు ఎక్కే దారి అది. అక్కడ మనల్ని అలసటకు గురిచేసేది ఎక్కుడు విడవకుండా సాగే ఆ దూరమే. మీరూ సైకిలూ కలిపి 80 కిలోలనుకుందాం. 6 శాతం ఎక్కుడు మీద గంటకు 10 కి.మీ. వేగంతో వెళ్లడానికి సుమారు 150 వాట్లు కావాలి. ఆ 150ని గంటన్నరసేపు వదలకుండా పట్టుకోగలగడమే ఘాటుకు అసలైన సాధన. అందుకు ఎర్గ్ మోడ్‌లో (మనం పెట్టిన వాట్ల దగ్గరే ట్రైనర్ నిలిపి ఉంచే పద్ధతిలో) ఏ మధ్యతరగతి ట్రైనర్ అయినా చాలు.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలంటే, నిశ్శబ్దం మీద పెట్టాలి. ఇందులో రెండు రకాలున్నాయి. గాలిలో వినిపించే చప్పుడు వేరు, శ్లాబులోకి దిగే అదురు వేరు. నేటి డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్లలో మొదటిది బాగా తక్కువ, గదిలో ఫ్యాను మోతే దాన్ని మించుతుంది. రెండవది మాత్రం ఎంత ఖరీదైన ట్రైనర్‌లోనైనా ఉంటుంది, కింద ఇంట్లో పడుకున్నవారికి తెలిసేది కూడా అదే. మందపాటి రబ్బరు చాప వేయండి. ట్రైనర్‌ను గది నడుమ కాకుండా, కింద గోడ లేక దూలం ఉన్న చోటు చూసి దాని మీదుగా పెట్టండి. నేను రెండడుగులు పక్కకు జరిపినందుకే కింద వాటాలో తేడా తెలిసిందన్నారు.

నియో 2టి గురించి ఒక్క మాట. అందులో బెల్టు లేదు, కరెంటు లేకపోయినా మనం తొక్కే శక్తితోనే నడుస్తుంది. వేసవిలో కరెంటు పోయే ఊళ్లలో ఇది నిజంగా మంచి గుణం. కాని 21 కిలోలు దాటిన బరువు, ధర కూడా అందుకు తగినట్టే ఉంటుంది. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ గుణానికి అంత డబ్బు పోయనక్కరలేదు.

సైకిలు మరమ్మతు, ఆమదాలవలస

పై మిత్రులు చెప్పినదానితో నాకు పేచీ లేదు, కాని వారు రెండో మెట్టు దగ్గర మొదలుపెట్టారు. కొత్తది ఏది అన్న ప్రశ్నకు ముందు పాతదానికి ఏమైందో చూడాలి. మీరు రాసిన లక్షణాలు చదివితే, పెడలు ఒక్కసారిగా తేలికవడం బెల్టు జారడం వల్ల కావచ్చు, ఫ్రీహబ్ (క్యాసెట్ కూర్చునే భాగం) లోపలి పళ్లు పట్టకపోవడం వల్లా కావచ్చు. గరగర మోత బేరింగుది అయి ఉండవచ్చు. ఈ మూడూ మార్చగలిగిన వస్తువులే.

వారంటీ గడువు ముగిసి ఉంటేనే పక్క మూత విప్పండి, గడువు ఉంటే విప్పకండి. ప్లగ్గు తీసి, క్యాసెట్ విప్పి, ఆ తరువాత మరలు ఒక్కొక్కటీ తీసి వరుసలో పెట్టుకోండి. మూత లోపలి వైపు కాటుకలాంటి నల్లని పొడి పేరుకొని ఉంటే బెల్టు అరుగుతోందని అర్థం. బెల్టును వేళ్ల మధ్య వెనక్కి వంచి చూడండి. గాడుల మధ్య పగుళ్లు తెరుచుకుంటే దాని ఆయుష్షు తీరింది. బెల్టు వీపు మీద అంకెలు ముద్రించి ఉంటాయి, చెరిగిపోకముందే ఫోటో తీసుకోండి. ఆ తరువాత బెల్టు తీసేసి ఫ్లైవీల్‌ను (లోపల తిరిగే బరువైన చక్రాన్ని) ఒక్క వేలితో తిప్పండి. సాఫీగా తిరిగి నెమ్మదిగా ఆగితే బేరింగు బాగున్నట్టు. ఇసుక నలిగినట్టు చేతికి తెలిస్తే పోయినట్టు. బేరింగు సీలు మీద కూడా అంకె ఉంటుంది; ఆ అంకె చెబితే విశాఖలో బేరింగులమ్మే దుకాణాల్లో చాలావరకు దొరుకుతుంది.

మీకు మరొక ఇబ్బంది ఉంది, అది మీ అబ్బాయి సైకిలు. మన దగ్గర అమ్మే 7 గేర్ల సైకిళ్లలో ఎక్కువవాటికి క్యాసెట్ ఉండదు, మరలాగా బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. అది ట్రైనర్ మీద కూర్చోదు. ఏది ఉందో తెలుసుకోవాలంటే, వెనుక చక్రం ఊడదీసి పళ్లచక్రాలను వెనక్కి తిప్పుతూ, పనిముట్టు పెట్టి విప్పే మధ్య గాడిని చూడండి. గాడి కూడా పళ్లతోపాటు తిరిగితే క్యాసెట్, గాడి కదలకుండా పళ్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. ఫ్రీవీల్ అయితే దాన్ని ట్రైనర్‌కు మార్చలేం, ట్రైనర్ మీద ఏదో ఒక క్యాసెట్ ఉండాలి. మీ 8 గేర్ల క్యాసెట్ మీదనే వాడి సైకిలు పెడితే చైను సరిపోతుంది, ఎందుకంటే 6, 7, 8 గేర్లకు వాడే చైను వెడల్పు ఒక్కటే. గేర్లు మార్చేటప్పుడు కొద్దిగా తడబడుతుంది, అంతే.

సగం ధర ట్రైనర్ మాట. వారంటీ సాధారణంగా మొదట కొన్నవారి పేరు మీదే ఉంటుంది. వెళ్లి, కూర్చొని, పది నిమిషాలు తొక్కి, చివర్లో లేచి నిలబడి గట్టిగా తొక్కి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

బొబ్బిలి రైడర్

నాది చిన్న మాట. ఏ ట్రైనర్ కొన్నా దాన్ని చంపేది మన చెమటే, అందుకని ధరలో కొంత మిగుల్చుకొని మంచి ఫ్యాను కొనండి. తొక్కేటప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతు కూడా పెడలుకు చేరదు, మిగిలినదంతా వేడే. మీరు 150 వాట్లు తొక్కుతుంటే 450 వాట్లకు పైగా వేడి పుడుతుంది. మన తీరంలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి చెమట ఆరదు, కారుతుంది. సీలింగు ఫ్యాను చాలదు, ఛాతీకి ఎదురుగా స్టాండు ఫ్యాను ఉండాలి. హ్యాండిల్ నుంచి సీటు దాకా తుండుగుడ్డ కట్టుకోండి. నేను మొదటి ఏడాది కట్టలేదు. హ్యాండిల్ కాడ బిగించే బోల్టు ఉప్పు పట్టి తుప్పు తిని, విప్పబోతే తల ఊడి చేతిలోకి వచ్చింది.

తొక్కడం అయ్యాక ప్లగ్గు తీసేయండి. అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి గాని, పిడుగులు పడే సాయంత్రాల్లో వాటిని గోడకు వదిలేయకూడదు.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. వారంటీ ముగిసి చాలాకాలమైంది కనుక ఆదివారం మూత విప్పాను. నల్లపొడి చూపుడువేలికి అంటుకునేంత ఉంది. బెల్టు వంచితే మూడుచోట్ల పగిలింది. అంతవరకైతే మార్పించేవాడినే. ఫ్లైవీల్ తిప్పితే ఇసుక నలిగిన భావన కలిగింది, బేరింగు కూర్చునే ఇరుసు మీద గోరు తగిలేంత గుంటలు పడి ఉన్నాయి. తయారీదారుకు రెండుసార్లు రాశాను. ఆ మోడల్‌కు ఇరుసు విడిగా ఇవ్వబోమని జవాబు వచ్చింది. నాలుగేళ్లకే ఒక పరికరాన్ని ఇలా వదిలేయవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

మీ మాటలు చదివాక పెద్ద మోడల్ ఆలోచన విరమించుకున్నాను. విశాఖ వెళ్లి ఆ వాడిన ట్రైనర్ కూడా చూశాను. నిలబడి తొక్కితే అదే జారుడు. వద్దని చెప్పి వచ్చాను. ఇప్పుడు కోర్ వైపే మొగ్గు. అయితే అమ్మేవారు రెండు రకాలు చూపించారు: ఒకటి క్యాసెట్‌తో, మరొకటి ఒకే పళ్లచక్రం ఉండి గేర్లు యాప్‌లోనే మారేది. మా అబ్బాయి సైకిలు చూశాను, ఫ్రీవీలే. ఈ పరిస్థితిలో ఏది తీసుకోవాలి?

పెద్దచెరువు, విజయనగరం

మీ ఇంట్లో రెండు సైకిళ్లు, రెండు వేర్వేరు గేర్ల వరుసలు ఉన్నాయి కాబట్టి ఒకే పళ్లచక్రం ఉన్నదే తీసుకోండి. జ్విఫ్ట్ (ఇంట్లో సైకిలు తొక్కేవారి యాప్) వారు 2023లో తెచ్చిన ఈ పద్ధతిలో సైకిలు గేర్లను ఒకచోట ఉంచేస్తాం, చైను తిన్నగా ఉండేలా. హ్యాండిల్ మీది చిన్న బటను నొక్కితే ట్రైనరే పెడలు బరువు మారుస్తుంది. 8 నుంచి 12 గేర్ల సైకిళ్లకని వారు చెబుతారు. పైన మరమ్మతు మిత్రులు చెప్పినట్టు 7 గేర్ల చైను వెడల్పు 8దే కాబట్టి మా ఇంట్లో అలాంటి సైకిలే ఇబ్బంది లేకుండా నడుస్తోంది. చైను ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది గనుక చప్పుడు కూడా తగ్గుతుంది, మీ కింద ఇంటివారికి అదీ మేలే. ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి. నెలనెలా రుసుము కట్టడం ఇష్టం లేక మైవూష్ వంటి ఉచిత యాప్ వాడదలిస్తే, ఈ బటన్లు అందులో పనిచేస్తాయో లేదో కనుక్కొని ఆ తరువాతే డబ్బు కట్టండి.

సైకిలు మరమ్మతు, ఆమదాలవలస

కొనేముందు రెండు సైకిళ్ల వెనుక ఫోర్కు లోపలి వెడల్పు స్కేలుతో కొలవండి. సాధారణ ఇరుసు అయితే 130 లేక 135 మి.మీ. ఉంటుంది, థ్రూ యాక్సిల్ (చక్రం గుండా దూర్చి బిగించే లావు ఇరుసు) అయితే ఎక్కువగా 142. దానికి తగిన అమరికలు పెట్టెలో ఉన్నాయో లేవో దుకాణంలోనే విప్పి చూడండి. అలాగే ఆ అట్టపెట్టెను, లోపలి థర్మోకోల్‌ను పారేయకండి. కోర్ 18 కిలోలు ఉంటుంది. వారంటీలో వెనక్కి పంపవలసి వస్తే ఆ పెట్టె లేకుండా కొరియరువాళ్లు తీసుకోరు, తీసుకున్నా దారిలో ట్రైనర్ కాళ్లు వంగిపోతాయి.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

కొలిచాను. నాది 135, వాడిదీ 135. పెట్టె అటక మీదకు పట్టేలా చోటు చేశాను. శనివారం వెళ్లి తెస్తాను.