తలుపు హ్యాండిళ్లను, స్విచ్చులను రోజూ బ్లీచుతో తుడవడం అవసరమా?

వింజామర: అందరి చేతులూ పడే తలుపు హ్యాండిళ్లు, స్విచ్చులు, కుళాయిలు, రిమోటు మా ఇంట్లో రోజూ బ్లీచు నీళ్లతో తుడవాలన్నది నియమం. ఇది చాదస్తమని బంధువులు అంటున్నారు. సభ్యులు ఏమంటారు?

పాతచీపురు: చాదస్తమే. వైరస్ అంటిన వస్తువును ఒకసారి తాకినందువల్ల కరోనా సోకే అవకాశం సాధారణంగా 10,000లో 1 కంటే తక్కువని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. జబ్బుపడినవారు గానీ, రోగనిరోధక శక్తి తగ్గినవారు గానీ ఇంట్లో లేనప్పుడు సబ్బునీళ్లు చాలు.

వింజామర: మీరు కరోనా ఒక్కటే పట్టుకున్నారు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ హ్యాండిళ్ల మీద రోజుల తరబడి ఉంటుంది, శానిటైజరుకు సరిగా లొంగదు. మనవడికి బడిలో అంటుకున్నప్పుడు ఇంటిల్లిపాదీ ఒకరి తరువాత ఒకరు మంచం పట్టాము.

గవాక్షం: ఏది వాడినా కిటికీలు తెరిచి వాడండి.

పాతచీపురు: నోరోవైరస్ వచ్చినప్పుడు బ్లీచు వద్దని నేను అనలేదు; నా అభ్యంతరమంతా "రోజూ" అన్నదాని మీదే. ఇంతకూ తడి ఎంతసేపు ఉంచుతున్నారు?

వింజామర: స్విచ్చులు కదా, చల్లిన వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తాము.

పాతచీపురు: అయితే అక్కడ క్రిములు చావడం లేదు, వాసన మాత్రమే మిగులుతోంది. కనీసం ఒక నిమిషమైనా తడి నిలవాలి. ముందుగా సబ్బుతో జిడ్డు వదిలించకపోతే బ్లీచులోని క్లోరిన్ ఆ జిడ్డుతోనే ఖర్చయిపోతుంది. ఐదు శాతం బ్లీచయితే లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు చొప్పున ఏ రోజుకారోజు కలుపుకోవాలి. స్విచ్చుల మీద ఏదీ చల్లకూడదు. ఆల్కహాలుతో తడిపి పిండిన గుడ్డ వాడాలి.

వింజామర: వారానికి ఒకసారి కలుపుతాము. వాసన ఘాటుగానే ఉంటుంది, బలం ఎక్కడికి పోతుంది?

పాతచీపురు: వాసనను బట్టి బలం తెలియదని ఎన్నిసార్లు చెప్పాలి?

ఉలిపిరి: మీరిద్దరూ సీసా చుట్టూనే తిరుగుతున్నారు. మా ఇంట్లోనూ ఇదే నియమం ఉండేది; పెట్టింది మామగారు, తుడిచింది ఉబ్బసం ఉన్న నేను. ఆమ్లంతో కడిగిన బాత్‌రూములోనే బ్లీచు కూడా పోయమన్నారు, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందని చెప్పినా వినలేదు. వింజామర గారూ, మీ ఇంట్లో తుడిచేది ఎవరు?

వింజామర: అది ఇక్కడ అప్రస్తుతం.

ఉలిపిరి: నియమం ఒకరిది, చాకిరీ మరొకరిది అయినప్పుడు అప్రస్తుతం ఎలా అవుతుందండీ?

వింజామర: మా కోడలు తుడుస్తుంది. మావారికి కీమోథెరపీ జరుగుతోంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆయనను అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకుపోయేది నేను. మా ఇంట్లోది చాదస్తమో భయమో మీరెవరు తేల్చడానికి?

పాతచీపురు: ఈ మాట మొదటే చెప్పవలసింది. కీమోతో రోగనిరోధక శక్తి తగ్గుతుంది కనుక మీ ఇంటికి క్రిమిసంహారకం అవసరమే, అయితే సరిగా వాడాలి. హ్యాండిళ్ల కంటే ముందు, ఆయన దగ్గరకు వెళ్లే ప్రతివారి చేతుల సంగతి చూడండి.

ఉలిపిరి: ఆయన త్వరగా కోలుకోవాలి. అయినా నా ప్రశ్న అలాగే ఉంది: ఆ ఘాటు తనకు పడుతోందా అని మీ కోడలిని అడిగారా?

వింజామర: చేతితొడుగులు కొనిచ్చాము. మిగతాది మా ఇంటి విషయం.