‘మూలుగ’కీ ‘మూలకణా’నికీ చుట్టరికం ఉందా?

రాజోలు నుంచి:
ఇంటర్ బైపీసీ చదువుతున్న మా మేనకోడలు అడిగింది: "అత్తా, మూలకణాలు (స్టెమ్ సెల్స్) మూలుగలో ఉంటాయి కాబట్టే ఆ పేరు పెట్టారా?" సగం భాష, సగం బయాలజీ ఉన్న ప్రశ్న కాబట్టి గ్రూపులో పెడుతున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. దాని నోట్సులో "విటమిన్ డి వల్ల మూలకణాలు అస్థికణాలుగా విభేదనం చెందుతాయి" అని రాసుంది. తెలుగు పాఠం చెప్పే నాకే ఆ ‘విభేదనం’ కొరుకుడు పడలేదు. ఇంతకంటే మంచి మాట దొరుకుతుందా?

పాలకొల్లు నుంచి:
చుట్టరికం లేదండీ టీచర్ గారూ. మూలకణంలో ‘మూల’ సంస్కృతం. వేరు, మొదలు అని అర్థం. మూలుగ మన ద్రావిడ మాట. తమిళంలో ‘మూళై’ అంటే మెదడూ మూలుగా రెండూను. మజ్జ అనేది మళ్ళీ సంస్కృతమే. ఆదివారం మాంసం కొట్టు దగ్గర "మూలుగ ఎముకలు నాలుగు వెయ్యవయ్యా" అంటాం గానీ మజ్జ అని ఎవరైనా అడుగుతారా? ఆసుపత్రికి వెళ్తే మాత్రం అదే బోన్ మ్యారో అయిపోతుంది. ఇంత చక్కటి మాటని కూరకే వదిలేశామని నాకు బాధ.

భీమవరం నుంచి (బయోకెమిస్ట్రీ చెబుతాను):
మాటలు వేరైనా కాపురం మాత్రం ఒకచోటే. మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఉంటాయి. వాటితోపాటు మీసెంకైమల్ మూలకణాలని ఇంకో రకం ఉంది. ఇవి ఎముక కణం కావచ్చు, మృదులాస్థి కణం కావచ్చు, కొవ్వు కణం కావచ్చు. నోట్సులో ‘విభేదనం’ (డిఫరెన్షియేషన్) అన్నది ఈ మార్పునే. పళ్ళెం అంచుకి ఎముకని తట్టితే జారిపడే ఆ పసుపు ముద్ద ఉంది చూశారూ, అందులో ఎక్కువ భాగం కొవ్వే. ఆ కొవ్వు కణాలూ, చుట్టూ ఉన్న గట్టి ఎముకని కట్టిన కణాలూ ఒకే జాతి మూలకణాల నుంచి వచ్చినవే. వయసు మీరేకొద్దీ మన మూలుగలోనూ కొవ్వు పాలు పెరుగుతుంది.

ఇక విటమిన్ డి. ఎండ తగిలి చర్మంలో తయారైనది కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో ఇంకోసారి మారి కాల్సిట్రయాల్ అవుతుంది. అది కణంలోకి వెళ్ళి వీడీఆర్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. ఆ జంట డీఎన్‌ఏ మీద చేరి కొన్ని జన్యువుల్ని పనిలోకి దింపుతుంది. మనిషి మూలుగ నుంచి తీసిన ఈ మూలకణాలకి ల్యాబ్‌లో కాల్సిట్రయాల్ అందిస్తే ఎముక కట్టే ఆస్టియోబ్లాస్టుల దారి పడతాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరుగుతుంది, ఆస్టియోకాల్సిన్ అనే ప్రోటీన్ తయారవుతుంది; ఆ దారి పట్టాయనడానికి ఇవే గుర్తులు. నాకు అన్నిటికంటే నచ్చేది ఇంకొకటి ఉంది: రక్తంలో తిరిగే డిని కాల్సిట్రయాల్‌గా మార్చే ఎంజైము ఈ మూలకణాల్లోనే ఉంది. మూత్రపిండాల మీదే ఆధారపడి కూర్చోవు.

అయినా నోట్సులోని ఆ వాక్యం సగమే చెబుతోంది. వీడీఆర్ జన్యువు లేకుండా చేసిన ఎలుకలకి రికెట్స్ (ఎముకలు మెత్తబడి వంకరపోయే జబ్బు) వస్తుంది. వాటికే కాల్షియం, ఫాస్ఫరస్, లాక్టోజ్ దండిగా ఉన్న మేత పెడితే రికెట్స్ రాకుండా ఆగింది. అంటే డి చేసే పెద్ద పని పేగులో ఉంది, తిండిలోని కాల్షియంని ఒంటికి పట్టించడం. మూలకణాల మీద పని దానికి తోడు. ఇది చెప్పకపోతే పిల్లలు తప్పుగా నేర్చుకుంటారు.

మాట సంగతికొస్తే, మన పెద్దవాళ్ళు "పసివాడికి ఇంకా ఎముకలు ముదరలేదు, అప్పుడే కూర్చోబెట్టకండే" అంటారు. ‘మూలకణం ఎముక కణంగా ముదురుతుంది’ అందామా?

పాలకొల్లు నుంచి:
బాగుంది గానీ ఒక చిక్కండీ. బెండకాయ ముదిరినా బెండకాయే. ఇక్కడ కణం మూడు దారుల్లో ఒకటి పట్టుకుంటోంది కదా. ‘స్థిరపడడం’ సరిపోతుందేమో. "మా అబ్బాయి ఇంజనీరుగా స్థిరపడ్డాడు" అన్నప్పుడు వేరే దారులు వదిలేశాడనే కదా అర్థం. ముదరడాన్ని ఉప్పులు చేరి ఎముక గట్టిపడే దశకి ఉంచుకోండి.

భీమవరం నుంచి:
ఒప్పుకున్నానండీ. రెండు దశలకి రెండు మాటలు ఉండాల్సిందే. ఆ ఉప్పుల్లో కాల్షియం ఎంత ముఖ్యమో ఫాస్ఫరస్ అంతే. రికెట్స్‌లో రక్తంలోని ఫాస్ఫరస్ తరచు పడిపోతుంది. దాన్ని కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. ఆ సుబ్బారావు మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఆయన పేరు తలుస్తాను.

రాజోలు నుంచి:
ఇద్దరికీ దండాలు. "విటమిన్ డి తోడ్పడితే మూలుగలోని మూలకణాలు ఎముక కణాలుగా స్థిరపడతాయి; కాల్షియం, ఫాస్ఫరస్ చేరి ఎముక ముదురుతుంది" అని రాయిస్తాను. ఇంకొక్కటి: మావైపు చంటిబిడ్డకి నూనె రాసి లేత ఎండలో పడుకోబెడతారు. అది డి కోసమేనా?

భీమవరం నుంచి:
నూనె మర్దనా మంచిదే. డి మాత్రం లేత ఎండలో దాదాపు రాదండీ. దానికి కావలసిన యూవీ-బి కిరణాలు పొద్దెక్కాకే బాగా నేలకి చేరతాయి. మన నీడ మనకంటే పొట్టిగా ఉండే వేళ అనుకోండి. ఆ ఎండ పెద్దవాళ్ళకి సరే, చంటిబిడ్డ చర్మం తట్టుకోదు. అందుకే పిల్లల డాక్టర్లు మొదటి ఏడాది రోజుకి 400 యూనిట్ల డి చుక్కలు రాస్తారు. ఎండ చూపిస్తున్నాం కదా అని ఆ చుక్కలు మానకూడదని మీ మేనకోడలి చేత ఇంట్లో చెప్పించండి.