రోజుకు 12 ఎస్‌ఐసీఎస్ కేసులు: ఎన్ని సెట్లు, సిమ్‌కో కడిగే పద్ధతి, లెన్సుల స్టాకు

కొత్త_ఓటీ_టెక్
అందరికీ నమస్కారం. మా ఊళ్లో చిన్న కంటి ఓటీ మొదలవుతోంది. సర్జన్ ఒక్కరే, టేబుళ్లు రెండు. కేసు రోజున 12 శుక్లం ఆపరేషన్లు ఉంటాయి. ఎక్కువగా ఎస్‌ఐసీఎస్ (చిన్న కోతతో, చేత్తో శుక్లం తీసే పద్ధతి), పీఎంఎంఏ (గట్టి ప్లాస్టిక్) లెన్సు. అడిగినవాళ్లకు ఫేకో (అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి తీసేది). నాలుగు సెట్ల పనిముట్లు కొనండి, కేసుకూ కేసుకూ మధ్య గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో ముంచి తీస్తే చాలని సప్లయర్ అంటున్నాడు. నిజంగా చాలుతుందా? సిమ్‌కో కాన్యులా (కంటిలోకి ద్రవం పంపి, మిగిలినదాన్ని పీల్చే రెండు దారుల సన్నటి గొట్టం) లోపల శుభ్రమైందని ఎలా తెలుస్తుంది? లెన్సులు ఏ పవర్లలో పెట్టుకోవాలి? ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) నిలువుది, 121 డిగ్రీలది.

స్టెరిలైజేషన్_డెస్క్
ఆ ముంచి తీసే పద్ధతి వద్దే వద్దు. అంత తక్కువసేపట్లో స్పోర్లు (క్రిముల మొండి విత్తన రూపాలు) చావవు. పైగా కాన్యులాలో మిగిలిన చుక్క కంటిలోకి వెళ్తే కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) లోపలి కణాల వరుస ఎండోథీలియం దెబ్బతింటుంది. ఆ కణాలు మళ్లీ పుట్టవు.

సెట్ల లెక్క ఇలా వేసుకోండి. రెండు టేబుళ్లున్నాయి కాబట్టి 15 నిమిషాలకో కేసు అనుకుందాం. మొదటి మూడు కేసులు 45వ నిమిషానికి అయిపోతాయి. ఆ మూడు సెట్లు కడగడానికి 20 నిమిషాలు, ఆటోక్లేవ్‌కు వేడెక్కడం, 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు నిలవడం, ఆరడం కలిపి గంట, చల్లారడానికి 10. అంటే 135వ నిమిషానికి చేతికొస్తాయి. సరిగ్గా అప్పుడే పదో కేసు మొదలు. కాబట్టి 9 సెట్లుంటే మధ్యలో ఒక్క లోడుతో రోజు గడుస్తుంది. 12 ఉంటే ఆ తొందర కూడా ఉండదు. నాలుగింటితో మొదలుపెడితే ఐదో కేసు దగ్గరే ఎవరో ఒకరు ఆటోక్లేవ్ సైకిల్ మధ్యలో ఆపేస్తారు.

సిమ్‌కో, మెక్‌ఫర్సన్ ఫోర్సెప్స్, సిన్‌స్కీ హుక్, వెక్టిస్ (శుక్లాన్ని బయటికి తీసే లూపు), వానస్ కత్తెర విడిగా ప్యాక్ చేసి అదనంగా ఉంచండి. ఒక పనిముట్టు కింద పడితే దానికోసం సెట్టంతా విప్పనక్కర్లేదు. టన్నెల్ (శుక్లం బయటికొచ్చే కోత దారి) చేసే క్రెసెంట్ బ్లేడు మొండిదైతే సర్జన్ చేత్తో నెట్టాల్సి వస్తుంది, టన్నెల్ చిరుగుతుంది, లేదా కంటిలోకి ముందే దిగిపోతుంది. అక్కడ పొదుపు చేయకండి.

కార్నియా_పక్షం
సిమ్‌కో గురించి కాస్త వివరంగా చెప్తాను, అసలు ప్రమాదం అక్కడే ఉంది. రంధ్రం సుమారు 0.3 మి.మీ. విస్కో (ఆపరేషన్‌లో కంటిలో నింపే జిగట జెల్) అందులో ఎండితే ఎంత నానబెట్టినా పూర్తిగా రాదు. అందుకే కడగడం సింకు దగ్గర కాదు, టేబుల్ దగ్గరే మొదలవ్వాలి. కేసు అవ్వగానే రెండు దారుల్లోనూ సిరంజితో డిస్టిల్డ్ వాటర్ పంపండి. ఆ తర్వాత ఎంజైమ్ ద్రావణం లేబుల్ మీద రాసిన మోతాదులోనే కలపండి. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం అవుతుందనుకోవద్దు. ఆ డిటర్జెంటే లోపల మిగిలి కార్నియాను ఉబ్బిస్తుంది. చివరి కడుగు ధారాళంగా స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్‌తో, బయటికొచ్చిన నీళ్లు మళ్లీ వాడకుండా. తర్వాత పొడి సిరంజితో గాలి కొట్టండి. నీళ్లు పంపినప్పుడు ధార సన్నగా, నేరుగా రావాలి. వంకరగా వచ్చినా, చుక్కలుగా పడినా పక్కన పెట్టేయండి. సిలికాన్ ట్యూబు జిగటగానో పసుపుగానో కనిపిస్తే మార్చేయాలి.

ఆటోక్లేవ్ సూక్ష్మజీవిని చంపుతుంది గానీ, చచ్చిన గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా వదిలే ఎండోటాక్సిన్ అనే విషాన్ని పోగొట్టదు. అల్ట్రాసోనిక్ బాత్‌లో, ఆటోక్లేవ్‌లో నిన్నటి నీళ్లు ఉంచకూడదనేది అందుకే. రోజూ పారబోసి, తొట్టి తుడిచి ఆరబెట్టండి.

ఈ తప్పులు టాస్ (ఇన్ఫెక్షన్ కాకుండా, మిగిలిన రసాయనాలు, విషాల వల్ల కన్ను వాయడం) రూపంలో బయటపడతాయి. మర్నాడు కట్టు విప్పేసరికి కార్నియా అంచు నుంచి అంచుదాకా తెల్లగా ఉబ్బి ఉంటుంది, నొప్పి అంతగా ఉండదు. ఇన్ఫెక్షన్ అయితే సాధారణంగా 2 నుంచి 7 రోజుల్లో, నొప్పితో వస్తుంది. అనుమానం ఉంటే మాత్రం ఇన్ఫెక్షన్ అనే భావించి సర్జన్‌ని పిలవండి. ఒకే రోజు లిస్టులో రెండు కళ్లు అలా కనిపిస్తే తర్వాతి లిస్టు ఆపి ఆర్‌ఎల్ (కంటిలోకి పంపే రింగర్ లాక్టేట్ ద్రావణం), విస్కో, లెన్సు బ్యాచ్ నంబర్లు, మిగిలిన సీసాలు భద్రపరచండి.

మరో మాట. ఆపరేషన్‌కు ముందు కంటిలో వేసే పోవిడోన్ అయోడిన్ 5 శాతం ద్రావణమే అయ్యుండాలి, 3 నిమిషాలు ఉంచాలి. చేతులు కడుక్కునే స్క్రబ్ సీసాలో డిటర్జెంట్ ఉంటుంది. రెండూ ఒకే అలమరలో పెట్టకండి.

బయోమెట్రీ_రమ
లెన్సుల సంగతి. పెద్దవాళ్లలో ఎక్కువమందికి 20–22 డయాప్టర్ల (లెన్సు పవర్ కొలత) దగ్గర పడుతుంది. 19 నుంచి 23 దాకా అర డయాప్టర్ మెట్లలో పవర్‌కు నాలుగేసి, 16–18.5, 23.5–25 మధ్య ఒక్కోటి రెండేసి చాలు. అంతకు బయటివి బయోమెట్రీ (కంటిని కొలిచి లెన్సు పవర్ లెక్కించడం) అయ్యాక తెప్పించుకోండి. ఎస్‌ఐసీఎస్‌కు 6 మి.మీ. ఆప్టిక్ (లెన్సు మధ్య భాగం), 12.5 మి.మీ. మొత్తం పొడవు ఉన్న పీఎంఎంఏ సరిపోతుంది. పొరపాటున కింద పడిన లెన్సును ఆటోక్లేవ్ చేసి వాడదామనే ఆలోచన రానివ్వొద్దు. 121 డిగ్రీల దగ్గర పీఎంఎంఏ మెత్తబడి ఆకారం పోతుంది.

పవర్ తప్పడానికి అసలు కారణం స్టాకు కాదు, ఏ-స్కాన్ (అల్ట్రాసౌండ్‌తో కంటి పొడవు కొలిచే పరికరం) ప్రోబు. కార్నియాను 0.1 మి.మీ. నొక్కినా సుమారు పావు డయాప్టర్ తేడా. 0.3 నొక్కితే ముప్పావు డయాప్టర్ మైనస్ మిగులుతుంది. కె రీడింగ్ (కార్నియా వంపు కొలత) ముందు తీయండి, ప్రోబు తర్వాత. రెండు కళ్ల పొడవుల్లో 0.3 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే మళ్లీ కొలవండి. లెన్సు మోడల్ మార్చినప్పుడు ఏ-కాన్‌స్టంట్ (ఒక్కో లెన్సు మోడల్‌కు ఉండే లెక్క సంఖ్య) కూడా మార్చి లెక్కించాలి. 118.4కు లెక్కించిన పవర్‌లో 119 లెన్సు పెడితే లెన్సు పవర్‌లో అర డయాప్టర్‌కు పైగా తేడా వచ్చేస్తుంది.

కొత్త_ఓటీ_టెక్
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు అందరికీ. పీసీ రెంట్ (లెన్సును మోసే వెనక పొర చిరగడం) అయితే టేబుల్ మీద ఏది సిద్ధంగా ఉండాలి? ఫేకో కేసులో చేతిలో ఉండేది సింగిల్ పీస్ ఫోల్డబుల్ (మడిచి లోపల పెట్టే) లెన్సే కదా?

బయోమెట్రీ_రమ
దాన్ని సల్కస్‌లో (ఐరిస్‌కు వెనక, ఆ పొరకు ముందున్న సందు) పెట్టకూడదండీ. మందపాటి హాప్టిక్ (లెన్సును నిలిపే కాలు) ఐరిస్ వెనక రాసుకుని పిగ్మెంట్ రాలుతుంది, ప్రెషర్ పెరుగుతుంది, ఒక్కోసారి రక్తం కూడా వస్తుంది. అందుకని ప్రతి ఫేకో కేసుకూ 13 మి.మీ. త్రీ-పీస్ లెన్సు ఒకటి పక్కన ఉంచండి. సల్కస్‌లోకి వెళ్తోంది కాబట్టి 18–25 పవర్ల మధ్య ఒక డయాప్టర్ తగ్గించి ఇవ్వాలి. ఆ తగ్గించిన పవర్‌ను కేస్‌షీట్‌లో ముందే రాసి పెట్టండి, రెంట్ అయిన కంగారులో లెక్క వేయకండి. ఏసీ లెన్సు (ఐరిస్ ముందు పెట్టేది) వాడే సర్జన్ అయితే దాని పవర్ విడిగా లెక్కించాలి. ఏ-కాన్‌స్టంట్ 115 ప్రాంతంలో ఉంటుంది, కాబట్టి దాదాపు మూడు డయాప్టర్లు తక్కువ వస్తుంది.

పెట్టె తెరిచేముందు రోగి పేరు, కుడో ఎడమో, పవర్, గడువు తేదీ సర్జన్‌కు వినబడేలా చదవండి. స్టిక్కర్లు రెండు: ఒకటి కేస్‌షీట్‌కు, ఒకటి రోగి కార్డుకు.