ఇల్లు మారుతున్నాం, ఒక్క అలమారకే చోటుంది. మీరైతే ఏ పుస్తకం వదలరు?

రామగిరి_రాజు:
నల్లగొండలో మా నాయిన కట్టిన ఇల్లు అమ్మేశాం. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఒక్క అలమారకే జాగా. ఇక్కడేమో ప్రతి గదిలో గోడ అలమారలు నిండా పుస్తకాలే. మూడు విషయాలు అడుగుతున్నా. ఎవరడిగినా ఇవ్వని పుస్తకం మీ ఇంట్లో ఏది, ఎందుకు? మిగిలినవి ఎవరికిస్తే నిజంగా చదువుతారు? పాత పుస్తకాల్లో నాయిన పెన్సిల్ రాతలు, మధ్యలో బస్ టికెట్లు ఉన్నాయి. అవి ఉంచాలా, తీసేయాలా?

నాది చెప్తా. వట్టికోట ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’. ఆయనది మా నకిరేకల్ దగ్గరి చెరువు మాదారం అయినందుకు మాత్రమే కాదు. మా అమ్మ పిల్లలు పుట్టాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఆమె చదివిన మొదటి పుస్తకం అదే. వేలు పెట్టి చదివేది. దొర అన్యాయం చేసే పేజీలు వేలి మరకలతో నల్లబడ్డాయి. అక్కడ చదివిందే మళ్లీ చదివి, పైకి వినపడేలా తిట్టేది.

పాలమూరు_సీను:
సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. ఇంకో మాట లేదు. మా నాయిన బొంబాయిలో మేస్త్రీ పని చేసేవాడు. చదువు రాదు. పండక్కి ఇంటికొచ్చినప్పుడు నేను చదివి వినిపించేవాడిని. అందులో రాజుల యుద్ధాలు తక్కువ. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆటలు ఆడారు అన్నదే ఎక్కువ. మధ్యలో ఆపి, "గీ ఆట మా తాత ఆడేటోడు" అనేవాడు. చరిత్రలో మేమూ ఉంటామని నాకు తెలిసింది ఆ రోజుల్లోనే. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1955లో, దీనికే వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

నల్లగొండోళ్లకు ఒక నవల ఉంటే మాకు మొత్తం చరిత్రే ఉంది. ఏమనుకోకండి.

పేట_అక్క:
సూర్యాపేట నుంచి. నాకు ప్రాణమైనవి ఇప్పుడు నా దగ్గర లేవు. మా నాయిన బైండు చేయించిన చందమామలు. మా ఆడపడుచు పిల్లలకు వేసవి సెలవుల కోసమని తీసుకుపోయింది. వాళ్ల గృహప్రవేశానికి పోతే హాల్లో షోకేస్‌లో ఉన్నాయి. మా నాయిన సంతకం మీద పువ్వుల స్టిక్కర్ అంటించి! అడిగితే "మీవా వదినా ఇవి?" అంది.

రాజు తమ్ముడూ, ఎవరికీ ఇవ్వకు. చుట్టాలకు అసలే ఇవ్వకు.

దేవరకొండ_బస్సు:
అక్కా, అప్పుడే సంచీలో వేసుకుని రావాల్సింది.

పేట_అక్క:
గృహప్రవేశం నాడు, ఆడపడుచు ఇంట్లోనా? నీకు ముందు పెళ్లి కానీ, అప్పుడు మాట్లాడుకుందాం.

తెలుగు_పండిట్_రిటైర్డ్:
సీను గారికి. మీరు చెప్పిన పుస్తకం 1949లో వచ్చింది. అంతకు ముందే 1934లో ఆయన తెచ్చిన ‘గోలకొండ కవుల సంచిక’ ఊసెత్తకుండా సురవరం గురించి మాట్లాడటం సగం మాటే. తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా, అన్నవాళ్లకు 354 మంది కవులను చూపించారు. ఉద్యోగమంతా ఈ జిల్లాల సాహిత్యంతోనే గడిపినవాణ్ని. నా దగ్గర చదివినవాళ్లు ఇవాళ యూనివర్సిటీల్లో పాఠాలు చెప్తున్నారు కాబట్టి చెప్పే అధికారం ఉందనే అనుకుంటాను.

నా అలమారలో పై వరుస రంగనాథ రామాయణానిది. మా నాన్నగారు పారాయణ చేసిన ప్రతి. ఉడుత కథ, లక్ష్మణుడి నవ్వు వాల్మీకంలో ఉండవు, ఇందులో ఉంటాయి. ఊళ్లో ఆడవాళ్లు వాటి కోసమే వచ్చి కూర్చునేవారు. పాలమూరు గర్వపడాల్సింది ముందు దాన్ని రాసిన గోన బుద్ధారెడ్డి గురించి.

గద్వాల_గడప:
సార్, పుస్తకం పేరు రంగనాథ రామాయణం అయితే రాసింది రంగనాథుడనే కదా? మా తాత అట్లనే చెప్పేవారు.

తెలుగు_పండిట్_రిటైర్డ్:
పుస్తకం తెరిచి చూశారా? మొదట్లో వచ్చే అవతారికలోనే బుద్ధరాజు, అంటే బుద్ధారెడ్డి, పేరుంది. తండ్రి విట్ఠలుడి పేరు మీద రాస్తున్నట్టు చెప్పుకున్నాడు. ఉత్తరకాండ రాసింది ఆయన కొడుకులు, కాచవిభుడు, విట్ఠలరాజు.

గద్వాల_గడప:
అయితే విట్ఠల రామాయణం అనాలి. రంగనాథుడు ఎక్కడి నుంచి వచ్చాడు?

తెలుగు_పండిట్_రిటైర్డ్:
దాని మీద పండితుల మధ్య చాలా వాదాలు జరిగాయి. మీ తాతగారు కూడా చేరాల్సినంత కొరత లేదు.

గద్వాల_గడప:
తాతను ఎందుకు లాగుతున్నారు సార్? మాది విద్వద్గద్వాల అనిపించుకున్న ఊరు. సంస్థానం పండితులను పిలిచి సత్కరించిన ఊరు. మాకు మర్యాదా తెలుసు, సాహిత్యమూ తెలుసు. మీ దగ్గర చదివినవాళ్లకు ముందు ఏది నేర్పారో మరి.

పాలమూరు_సీను:
ఇద్దరూ ఆగండి. బుద్ధారెడ్డి మావాడని సారే ఒప్పుకున్నారు, నాకది చాలు. ఆయన కూతురు కుప్పాంబిక వేయించిన శాసనం మా పక్కన భూత్పూర్‌లోదే. తొలి తెలుగు కవయిత్రి ఆమే.

దేవరకొండ_బస్సు:
తాళ్లపాక తిమ్మక్క కదా? పరీక్షలో అదే రాశాం, మార్కులు కూడా వేశారు.

తెలుగు_పండిట్_రిటైర్డ్:
మార్కులు వేసినవాళ్లు కూడా అదే పుస్తకం చదివారు. కుప్పాంబిక రుద్రమదేవి కాలం నాటిది, తిమ్మక్క కంటే చాలా ముందు. ఈ ఒక్క విషయంలో నేను సీను వైపు.

రామగిరి_రాజు:
అందరికీ దండాలు. నా రెండో ప్రశ్న, మూడో ప్రశ్న అట్లనే ఉన్నాయి.

మూసీ_ఒడ్డు:
మాది భువనగిరి వైపు. తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి రాసిన ‘వీర తెలంగాణ’ మా ఇంట్లో దేవుడి అర పక్కన ఉంటుంది. 1952లో నల్లగొండ నుంచి పోటీ చేసి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మనిషి. మా తాత సాయుధ పోరాటంలో దళాలకు అన్నం మోశాడు. ఆ పుస్తకం ఇంటికి రాగానే మా నాయనమ్మ ఆయన పేరు వెతకమంది. ఎంత వెతికినా లేదు. అన్నం మోసినవాళ్ల పేర్లన్నీ రాస్తే ఏ పుస్తకమూ సరిపోదని చెప్పాను. వినలేదు. "అయితే నువ్వే రాయి" అని పెన్సిల్ చేతికిచ్చింది. అంచు మీద రాశాను. ఇప్పుడు ఎవరు చదివినా మా తాత పేరు చదవాల్సిందే.

పేట_అక్క:
నాయనమ్మంటే అట్లుండాలి.

టెక్_తమ్ముడు_నాగర్‌కర్నూల్:
అన్నా, అన్నీ ఫోన్‌తో స్కాన్ చేసి పీడీఎఫ్ చేసుకోండి. జాగా టెన్షన్ ఉండదు. ఆ రామాయణం పీడీఎఫ్ ఎవరి దగ్గరైనా ఉంటే నాకు పంపండి.

పేట_అక్క:
పీడీఎఫ్ ఇస్తా, బైండ్లు వెనక్కి ఇవ్వమని మా ఆడపడుచును నువ్వే అడుగు నాయనా.

అలంపురం_టీచరమ్మ:
ఇన్ని మాటల్లో నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2009 అక్టోబర్ మొదట్లో వరద మా ఇంట్లోకి వచ్చింది. కింది అరలన్నీ మునిగాయి. నీళ్లు తీశాక పుస్తకాలు ఇటుకల్లా అతుక్కుపోయి ఉన్నాయి. తొందరపడి ఎండలో వేసినవి వంకరపోయి పెళుసుబారాయి. కరెంటు వచ్చాక ఫ్యాన్ కింద పెట్టి, పేజీల మధ్య పాత పేపర్లు దూర్చి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ ఆరబెట్టినవే నిలిచాయి. తడిసిన పేజీలను బలవంతంగా విడదీయొద్దు, చిరిగిపోతాయి. ఆలస్యమైతే బూజు పడుతుంది.

ఇరుగుపొరుగు బియ్యం, బట్టలు చూసుకుంటుంటే మా అమ్మ ముందు వెతికింది తన టెన్త్ తెలుగు వాచకం. పరీక్షలు రాయకముందే ఆమెకు పెళ్లి చేశారు. అత్తగారింటికి తెచ్చుకున్న ఒకే పుస్తకం అది. మొదటి పాఠాల్లో మాటల కింద అర్థాలు రాసి ఉంటాయి. చివరి పాఠాల్లో ఒక్క గీత లేదు, అక్కడిదాకా ఆమె క్లాసులో కూర్చోలేదు. బురద మరకలతోనే ఇప్పుడు నా దగ్గర ఉంది.

మిర్యాలగూడ_వడ్రంగి:
టీచరమ్మ నీళ్లంటే నేను చెదలంటా. రాజు అన్నా, గోడ అలమారలోవి సర్దేముందు వెనక గోడ తట్టి చూడు. చెద మట్టిలోంచి గోడలోపలే పైకొస్తుంది, సన్నని మట్టి గొట్టాలు కనపడతాయి. కిరోసిన్ పూస్తే నాలుగు రోజులు ఆగి మళ్లీ వస్తుంది, పునాది దగ్గరే మందు కొట్టించాలి. కొనేవాళ్లకు కూడా చెప్పు. కొత్త అలమారను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదులు. చెమ్మ పట్టదు. ఎన్నో ఇళ్లకు చేసిచ్చా, నా అలమారల్లో పురుగు పడిందని ఒక్కరు చెప్పలేదు.

దేవరకొండ_బస్సు:
వేపాకు పెడితే చాలదా?

మిర్యాలగూడ_వడ్రంగి:
ఎండినప్పుడల్లా మార్చే ఓపికుంటే పెట్టు. పొడయ్యాక అదే చెత్త.

మూసీ_ఒడ్డు:
రెండో ప్రశ్నకు నా అనుభవం. ఒకచోట సంచుల కొద్దీ ఇచ్చాను, దండ వేసి ఫొటో తీశారు. తర్వాత అందులోవే కొన్ని ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కనిపించాయి, ముద్రతో సహా. అందుకే ఇచ్చేముందు బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడుగు. హెడ్మాస్టర్ సొరుగులో ఉంటే ఇవ్వకు. పిల్లలకు అందేచోట ఉంటే ఇవ్వు.

తెలుగు_పండిట్_రిటైర్డ్:
1918లోనే ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం పెట్టుకున్న నల్లగొండలో పుస్తకాలు ఎవరికివ్వాలని అడిగే రోజు వచ్చింది. ఆళ్వారుస్వామి తాను పెట్టిన ప్రచురణ సంస్థ దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలు తానే మోసుకుంటూ తిరిగి అమ్మారు. కావ్యాలు, ప్రబంధాలు ఉంటే నాకివ్వండి. వచ్చి తీసుకెళ్తాను.

పేట_అక్క:
రాజూ, సార్‌కు ఇస్తే సంతకం పెట్టించుకో. స్టిక్కర్ అంటించనని కూడా రాయించుకో.

అలంపురం_టీచరమ్మ:
మూడో ప్రశ్న నాది. పెన్సిల్ రాతలు చెరపకండి. మా ఇంట్లో నానిన పుస్తకాల్లో ఇంకు రాతలన్నీ నీలం మరకలయ్యాయి, పెన్సిల్‌వి అట్లనే నిలిచాయి. బస్ టికెట్లు ఏ పేజీలో ఉన్నవి ఆ పేజీలోనే ఉంచండి. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు ఉంటే మాత్రం తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది.

గద్వాల_గడప:
పండిట్ సార్ అవతారిక పేజీ ఫొటో పంపారు. బుద్ధరాజు పేరు ఉన్నమాట నిజమే. రంగనాథుడు ఎక్కడి నుంచి వచ్చాడో మాత్రం ఇంకా చెప్పలేదు.